ఎవరు నేర్పారు మీకీ రాజకీయం?

దళితుడు ఒక రాజకీయాన్ని నమ్మినప్పుడు మన సమాజం మొట్టమొదట అడిగే ప్రశ్న 'ఎవరు నేర్పారు' అని. 'ఎందుకు నమ్మావు' అని అడగరు. ఈ రెండు ప్రశ్నలూ పైకి ఒకేలాగా వినపడతాయి గానీ వాటి మధ్య దూరం ఊరికీ వాడకీ ఉన్నంత ఉంది. ఎందుకు అని అడిగామంటే అవతలి మనిషికి బుద్ధి ఉందనీ, తన బతుకుని తాను చూసుకుని ఒక నిర్ణయానికి వచ్చాడనీ ఒప్పుకున్నట్టు. ఎవరు నేర్పారు అని అడిగామంటే ఆ మనిషి ఉత్త కుండ, ఎవరో వచ్చి అందులో ఏదో పోసి పోయారని అర్థం. అగ్రకులంలో పుట్టిన కుర్రాడు మార్క్సిస్టు అయితే దాన్ని సైద్ధాంతిక పరిణామం అంటారు. అతనే నడివయసులో పార్టీ మారితే పునరాలోచన అంటారు. మా వాడ మనిషి జెండా మార్చాడా, అమ్ముడుపోయాడు. మార్చలేదా, ఓటు బ్యాంకు. ఎటు తిరిగినా 'విశ్వాసం' అనే మాట మటుకు మన దాకా రాదు.

దళితుల రాజకీయ విశ్వాసం ఎట్లా తయారవుతుందని తెలుగు సాహిత్యమూ, తెలుగు రాజకీయ చర్చా ఊహించుకున్నాయి, ఆ ఊహ ఎంతవరకు నిలబడుతుంది అన్నది ఈ వ్యాసంలో మేము చూడదలచుకున్నాం. ఇది పుస్తకాల మధ్య తేలే తగాదా కాదు. 2015 ఆగస్టులో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ గురించి అప్పటి కేంద్రమంత్రి బండారు దత్తాత్రేయ మానవ వనరుల శాఖ మంత్రికి ఒక ఉత్తరం రాశారు. ఆ క్యాంపస్ కులవాద, తీవ్రవాద, జాతివ్యతిరేక రాజకీయాలకు అడ్డా అయిందని అందులో ఉంది. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాడు. రోహిత్ అంతకుముందు ఎస్.ఎఫ్.ఐ.లో పనిచేసి, అక్కడ తగినంత చోటు దొరక్క అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్లోకి వచ్చినవాడు. అంటే ఒక సిద్ధాంతాన్ని చదివి, అందులో ఉండి చూసి, తూచి, ఇంకో దానిలోకి నడిచిన మనిషి. చావు తర్వాత ఏళ్ళ తరబడి ప్రభుత్వాలు తేల్చాలని చూసింది అతని కులం సర్టిఫికెట్టుని. ఒక బీద ఇంటి కుర్రాడు ఆ ఆలోచన దాకా ఎట్లా నడిచాడన్నది ఏ కమిటీకీ ప్రశ్న కాలేదు. ఉత్తరంలో వాడిన మాట చాలు: అడ్డా. అడ్డాలో ఆలోచించేవాళ్ళుండరు, రెచ్చగొట్టేవాళ్ళూ రెచ్చిపోయేవాళ్ళూ ఉంటారు.

మన దగ్గర ఈ ప్రశ్నకి రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. ఒకటి వామపక్షం ఇచ్చింది, రెండోది మన దళిత విమర్శ తనకు తాను ఇచ్చుకుంది. మొదటి జవాబు: చైతన్యం బయటనుంచి వస్తుంది. 1902లో లెనిన్ 'ఏం చెయ్యాలి?' అనే పుస్తకంలో, కాట్‌స్కీ మాటని ఆధారం చేసుకుని, కార్మికులు తమంతట తాము యూనియన్ చైతన్యం వరకే రాగలరనీ, సోషలిస్టు చైతన్యం వాళ్ళకి బయటనుంచి అందాలనీ వాదించాడు. రష్యాలో ఆ వాదానికి ఒక సందర్భం ఉంది. జీతాల పోరాటం దగ్గరే ఆగిపోదామనే వాళ్ళతో ఆయనకి తగాదా. మన దేశానికి వచ్చేసరికి ఆ 'బయట' అనే మాటకి కులం పట్టుకుంది. బయటనుంచి చైతన్యం మోసుకొచ్చేవాడు ఎప్పుడూ ఊళ్ళోవాడు. అందుకునేవాడు ఎప్పుడూ వాడలోవాడు. ఊరికీ వాడకీ మధ్య గీసిన గీత నడిచొచ్చి సిద్ధాంతంలో కూచుంది. 1859లో మార్క్స్ రాసిన పునాది-ఉపరితలం మాటని మన కామ్రేడ్లు ఎన్నాళ్ళు పట్టుకు వేళ్ళాడారో అందరికీ తెలుసు. కులం ఉపరితలంలో ఉంది గనక, కులం గురించి దళితుడు అన్నదల్లా ఇంకా 'ఎదగని' చైతన్యం. ఎదగాలంటే తమ దగ్గరికి రావాలి.

వామపక్షం కంటే ముందే ఈ నమూనాని తెలుగులో కథగా చెప్పినవాడు ఉన్నవ లక్ష్మీనారాయణ. 1922లో వచ్చిన 'మాలపల్లి' గొప్ప నవల అనటానికి మాకు అభ్యంతరం లేదు. తెల్లదొరల ప్రభుత్వం దాన్ని నిషేధించిందంటే ఊరికే నిషేధించలేదు. మాల కుటుంబాన్ని నవల మధ్యలో కూచోబెట్టటం, పాలేరు జీతాన్నీ కూలి గింజల్నీ కథావస్తువు చెయ్యటం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. వెల్లూరు జైల్లో కూచుని ఒక బ్రాహ్మణ దేశభక్తుడు వాడ వైపు చూడగలగటం మేము గౌరవించే విషయమే. అయితే ఆ నవలలో మనుషులు రాజకీయం దగ్గరికి ఎట్లా వస్తారో వరసగా చూడండి. తండ్రి రామదాసుకి ఉన్నది భక్తి. వైష్ణవం, వేదాంతం, ఓర్పు. కొడుకు సంగదాసు చౌదరయ్య ఇంట్లో పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడితో అతనికి స్నేహం. ఆ స్నేహంలో, ఆ ఇంటి నీడలో అతని ఆలోచనలు పెరుగుతాయి. కూలి విషయంలో కూలోళ్ళని కూడగట్టి నిలబడేసరికి చౌదరయ్య చేతిలో దెబ్బతిని చచ్చిపోతాడు. ఇంకో కొడుకు వెంకటదాసు ఉన్నాడు. ఇతను భక్తీ పట్టుకోడు, స్నేహమూ పట్టుకోడు. అడవి పట్టి, తక్కెళ్ళ జగ్గడన్న పేరుతో ఉన్నవాడిని కొట్టి లేనివాడికి పెడతాడు.

ఇక్కడే అసలు సమస్య ఉంది. సంగదాసు ఆలోచనకి నవల ఒక పుట్టుక చూపించింది: మంచి కమ్మ మిత్రుడు, గాంధీ గాలి, కొంత చదువు. అందుకే అతను చచ్చాక అతని పేరు మీద పీఠం లేస్తుంది, పాటలు పుడతాయి. వెంకటదాసు ఆలోచనకి పుట్టుక చూపించలేదు. అతనిది కోపం. కోపానికి సిద్ధాంతం అక్కర్లేదని రచయిత అనుకున్నట్టున్నాడు. సొంతగా తిరగబడ్డ కొడుకు దోపిడీదారుడుగా జైలుకి చేరతాడు. ఊళ్ళోవాడి చెయ్యి పట్టుకుని నడిచిన కొడుకు అమరుడవుతాడు. 'మాలపల్లి'ని మెచ్చుకున్న అభ్యుదయ విమర్శకులు వెంకటదాసులో విప్లవాన్నీ, సంగదాసులో సంస్కరణనీ చూసి ఏది గొప్పదని వాదులాడుకున్నారు. ఇద్దరిలో ఒక్కడికైనా మాలవాడలోంచి వచ్చిన రాజకీయం ఉందా అని అడగలేదు.

ఉండటానికి వీల్లేని కాలమా అది? కానేకాదు. 1917 నవంబరులో బెజవాడలో సంస్కర్తలు పూనుకుని 'పంచమ' సభ అని ఒకటి పిలిచారు. హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డివర్మ అధ్యక్షుడుగా వచ్చి, పంచములం మేము కాదు, ఈ నేల మీద మొదటివాళ్ళం అని సభ పేరునే మార్చేశాడు. ఆది-ఆంధ్ర అన్న పేరు అట్లా నిలిచింది. పిలిచినవాళ్ళు బయటివాళ్ళే, పందిరి వాళ్ళదే. కానీ ఆ పందిట్లో కూచుని, మీరు మాకు పెట్టిన పేరు మాకొద్దు అన్నది లోపలివాళ్ళు. రాజకీయ విశ్వాసం తయారయ్యే పద్ధతికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు తెలియదు. 'మాలపల్లి' వచ్చిన 1922లోనే మద్రాసు ప్రభుత్వం పాత పేర్లు మాని ఆది-ద్రావిడ, ఆది-ఆంధ్ర అని కాగితాల్లో రాయటం మొదలుపెట్టింది. గరిమెళ్ళ పాట తెల్లదొరతనం వద్దని మోగుతున్న ఆ కాలంలో రాజమండ్రి వైపు కుసుమ ధర్మన్న నల్లదొరతనం మాకొద్దని పాట కట్టాడు. అదే బాణీలో ఒక్క మాట మార్చి జాతీయోద్యమం మొత్తాన్ని నిలదీశాడు. బెజవాడా రాజమండ్రీ గుంటూరుకి ఏమంత దూరం? సంగదాసుకి రామానాయుడు ఒక్కడే దిక్కెందుకయ్యాడు? నవల నడక అటు తిరగలేదు. తిరిగి ఉంటే సంగదాసు ఎవరి స్నేహమూ అక్కర్లేకుండా ఆది-ఆంధ్ర సభలకి పోయి ఉండేవాడు, చౌదరయ్యతో పాటు రామానాయుణ్ణి కూడా కొన్ని ప్రశ్నలు అడిగి ఉండేవాడు.

ఇంకా వెనక్కి పోదాం. 'ఎవరు నేర్పారు' అన్న ప్రశ్నకి పాత రూపం 'ఎవరు తిండిపెట్టారు' అన్నది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దాదాపు అందరూ మాదిగలు. 1876-78 కరువు అప్పుడే వెళ్ళింది. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు మూడున్నర మైళ్ళ మేర తీసుకుని మాదిగలకి పని చూపించాడు. అందువల్ల మన పల్లెల్లో నేటికీ వినపడే ఎగతాళి మాట: బియ్యం క్రైస్తవులు, గోధుమపిండి క్రైస్తవులు. కరువున్నన్నాళ్ళూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడనీ, కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదనే ఆపాడనీ ఎగతాళి చేసేవాళ్ళకి పట్టదు. కాలువ పని ఇచ్చినదాంట్లో కూడు ఒక్కటే లేదని కూడా వాళ్ళకి పట్టదు. అక్కడ మేస్త్రీలు తమ వాళ్ళే. అగ్రకులం మేస్త్రీ తిట్టకుండా, కొట్టకుండా, కూలి ఎగ్గొట్టకుండా పని చేసుకోవచ్చునని జీవితంలో మొదటిసారి తెలిసింది అక్కడ.

ఇంతకీ ఈ మాదిగల్ని క్లౌ వెతికి పట్టుకున్నాడా? తాళ్ళకొండపాడు మనిషి ఎర్రగుంట్ల పేరయ్య, తోళ్ళ బేరం చేసుకునే మాదిగ, ఆ మిషనరీని చూడకముందే ఏళ్ళ తరబడి యోగం చెప్పే గురువుల వెంట తిరిగాడు. రాజయోగం పట్టాడు, శిష్యుల్ని కూడా పోగేశాడు. యేసు గురించి విన్నాక తన దగ్గర అప్పటికే ఉన్న ప్రశ్నలకి అది జవాబుగా తోచి, 1866లో బాప్తిస్మం తీసుకుని, తన మనుషులకి తానే చెప్పుకుంటూ ఊళ్ళు తిరిగాడు. ఈ సంగతులు ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో తెచ్చిన 'వైల్ సోయింగ్ శాండల్స్' అనే పుస్తకంలో ఉన్నాయి. మిషను భార్య రాసిన పుస్తకమే అది, మిషను గొప్ప చెప్పుకోవటం అందులో ఉంది. అయినా చెప్పులు కుట్టుకుంటూ మాదిగలు ఏ తత్వాలు పాడుకున్నారో, ఏ గురువుని వదిలి ఏ గురువు దగ్గరికి పోయారో ఆమె అడిగి రాసుకుంది. మన అభ్యుదయ విమర్శకులు అంతమాత్రం కూడా అడగలేదు. మతం మారటం రాజకీయమా అంటారేమో. బావి దగ్గరికి పోవచ్చా, పేరు ఏమని పెట్టుకోవాలి, బిడ్డ బడికి పోవాలా వద్దా అన్నవి రాజకీయం కాకపోతే ఇక ఏది రాజకీయమో మాకు తెలియదు.

జాషువా, బోయి భీమన్నల గురించి విడిగా రాయాలి గనక ఇక్కడ ఒక్క మాట చెప్పి వదిలేస్తాం. 1941 నాటి 'గబ్బిలం'లో అరుంధతీసుతుడు తన బాధని కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. తనకి లేని గుడి ప్రవేశం ఆ జీవికి ఉంది గనక. భీమన్న 'పాలేరు'లో పాలేరు కుర్రాడు చదివి డిప్యూటీ కలెక్టరవుతాడు. ఆ నాటకం చూసి పిల్లల్ని బడికి పంపినవాళ్ళున్నారు. ఒకటి ఫిర్యాదు, ఒకటి ఆశ. రెండూ రాజకీయ విశ్వాసాలే. రెండింటినీ మన విప్లవ విమర్శ 'పరిమితి' అనే ఒక్క మాటతో పక్కన పెట్టేసింది.

ఇక రెండో జవాబుకి వద్దాం. ఇది మన ఇంటిది గనక కాస్త గట్టిగానే మాట్లాడాలి. బయటనుంచి వస్తుందన్న వాదానికి విరుగుడుగా మన విమర్శ 'అనుభవమే సిద్ధాంతం' అంది. దళితుడికి పుట్టుకతో వచ్చిన అనుభవం ఉంది, అదే అతన్ని దళిత రాజకీయంలోకి తెస్తుంది అంది. 1985 తర్వాత మన పత్రికల్లో, కరపత్రాల్లో, కవిత్వంలో ఈ మాట ఎన్నిసార్లు రాసుకున్నామో లెక్కలేదు. అప్పుడు ఆ మాట అవసరం. మమ్మల్ని మేమే నమ్ముకోవాలంటే అట్లా అనాల్సిందే. కానీ అది నిజమేనా?

కారంచేడునే తీసుకుందాం. 1985 జూలై 16న మాదిగలు నీళ్ళు తాగే చెరువు దగ్గర కమ్మ కుర్రాళ్ళు గేదెలు కడుగుతున్నారు. కత్తి చంద్రయ్య వద్దన్నాడు, కొట్టబోయారు. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త చేతిలో బిందె ఎత్తింది. మర్నాడు 17న పొద్దున పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు, ఆడవాళ్ళని చెరిచారు. చెరువులో గేదెల్ని కడగటం ఆ రోజే మొదలైందా? ఆ నీళ్ళ అనుభవం సువార్త తల్లికీ, తల్లి తల్లికీ ఉంది. అనుభవం ఒక్కటే చాలేదయితే ఆ బిందె ఎప్పుడో లేచి ఉండాలి. 1985లో లేచిందంటే అనుభవానికి తోడుగా ఇంకేవో వచ్చి చేరాయి. సువార్త అన్న పేరులోనే ఒకటి ఉంది: నూరేళ్ళ నాటి మిషను, దాని బడి, ఆదివారం నాడు తెల్లగుడ్డ కట్టుకుని కూచునే హక్కు. ఓటు ఉంది. ఊళ్ళో పెరిగిన డబ్బూ, ఆ డబ్బు తెచ్చిన అహంకారమూ ఇటు పక్క నుంచి చూస్తుంటే కనపడే తీరు ఉంది. ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. తప్పించుకున్నవాళ్ళు చీరాల చేరి శిబిరంలో ఉండి, తిరిగి కారంచేడు పోయేది లేదని నిర్ణయించుకున్నారు. ఆ నిర్ణయం అనుభవంలోంచి దానంతటదే ఊడిపడలేదు. రోజుల తరబడి శిబిరంలో మాట్లాడుకున్నారు, తగాదాపడ్డారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటి వాళ్ళు వచ్చారు, చెప్పారు, విన్నారు కూడా. పోకపోతే ఇల్లెక్కడ, పనెక్కడ అని ఆడవాళ్ళు అడిగారు. అట్లా తేలిందే చీరాల్లో విజయనగర్ కాలనీ, దళిత మహాసభ. ఆ శిబిరాన్ని మనం పోరాటంగానే చూశాం గానీ ఒక బడిగా, విశ్వాసం తయారైన చోటుగా చూడలేదు.

అనుభవమే సిద్ధాంతం అన్న మాట కారంచేడు దగ్గర తడబడితే, ఈదుమూడి దగ్గర పూర్తిగా కూలిపోతుంది. అప్పట్లో అదే ప్రకాశం జిల్లా. 1994 జూలై 7న ఆ ఊళ్ళో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. అంటరానితనం అనుభవం మాలకీ ఉంది, మాదిగకీ ఉంది. హోటల్లో రెండు గ్లాసులు ఇద్దరికీ పెట్టారు. కానీ వర్గీకరణ దగ్గరికొచ్చేసరికి ఒకరు న్యాయం అన్నారు, ఒకరు చీలిక అన్నారు. 2000లో చట్టం వచ్చింది, 2004 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం రాష్ట్రాలు వర్గీకరణ చేసుకోవచ్చంది. ముప్ఫై ఏళ్ళు! ఈ ముప్ఫై ఏళ్ళలో మన పత్రికలు ఈ విషయం మీద రాసినదాంట్లో ఎక్కువభాగం ఎవరి కులం వాళ్ళు రాసుకున్నదే. 'ఎవరు నేర్పారు' అన్న ప్రశ్న మనమూ అడిగాం. దండోరాని చంద్రబాబు నడిపిస్తున్నాడని మావాళ్ళు అన్నారు. అగ్రకులాలవాళ్ళు మన గురించి అన్న మాటనే ఎత్తి మాదిగల మీద వేశాం.

మాలవాడలో పుట్టిన మేము వర్గీకరణ న్యాయమనే అనుకుంటున్నాం. ఈ మాట మావాళ్ళకి రుచించదు. ఇది మాకు అనుభవంలోంచి రాలేదని మటుకు చెప్పగలం. మా అనుభవం చెప్పేది దీనికి ఎదురు. హాస్టల్లో ఒకే గదిలో ఉండి, తెల్లవార్లూ పోట్లాడుకుని, ఎవరి జిల్లా నుంచి ఎంతమంది ఇంజనీరింగు సీట్లలో చేరారో వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, వేళ్ళు చాలనిది మాకూ, వేళ్ళు మిగిలింది అవతల మాదిగ మిత్రుడికీ అయినప్పుడు వచ్చింది.

'ఓటు బ్యాంకు' అన్న మాట ఎంత అన్యాయమో చెప్పటానికి మా నాయనమ్మ ఓటు చాలు. ఆమె బతికున్నన్నాళ్ళూ ముందు ఆవు-దూడ మీదా, తర్వాత చెయ్యి గుర్తు మీదా గుద్దింది. 1983లో రామారావు వచ్చి రెండు రూపాయల బియ్యం ఇచ్చినా మారలేదు. ఆ బియ్యం వండి పెడుతూనే మారలేదు. "ఆయన కూడు తింటా ఈమెకి ఓటేస్తావేందే" అని మా నాయన గొడవపడితే, "కూడు ఎవుడైనా పెడతాడ్రా, ఈ చోటు ఎవుడిచ్చాడు?" అనేది. ఆ చోటు రెండున్నర సెంట్లు. ఎమర్జెన్సీ రోజుల్లో ఇరవై సూత్రాల కింద వచ్చిన ఇంటి స్థలం పట్టా. అంతకుముందు వాళ్ళ గుడిసె ఆసామి దొడ్లో ఉండేది. ఆసామి దొడ్లో గుడిసె ఉంటే ఆసామి పిలిచినప్పుడల్లా పనికి పోవాలి, ఇచ్చినంత తీసుకోవాలి, పొమ్మంటే తట్టాబుట్టా నెత్తిన పెట్టుకోవాలి. పట్టా వచ్చాక ఆమె జీవితంలో మొదటిసారి ఒక నాట్ల కాలంలో కూలి చాలదని ఇంట్లో కూచుంది. 1975లోనే వెట్టిని రద్దుచేస్తూ ఆర్డినెన్సు వచ్చిందని ఆమెకి తెలియదు. ఇల్లు ఆసామి దొడ్లోంచి బయటపడితే వెట్టి తనంతట తాను సగం తెగిపోతుందని మటుకు బాగా తెలుసు. యూనివర్సిటీలో మాకు చెప్పిన పాఠంలో దీని పేరు పోషక-ఆశ్రిత సంబంధం. ఆశ్రితత్వం దేన్లో ఉంది, దేన్లోంచి బయటపడింది అన్నది ఆ పాఠానికి అక్కర్లేకపోయింది. అదే ఎమర్జెన్సీ ఎందరినో జైల్లో పెట్టిందని మా నాయనమ్మకి చెబితే వినేది, జాలిపడేది, చెయ్యి గుర్తుకే వేసేది. ఆ లెక్క మాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. అయినా అది లెక్క.

ఇట్లాంటి లెక్కని దాచకుండా చూపించిన తెలుగు పుస్తకం గోగు శ్యామల రాసిన 'నేనే బలాన్ని'. టి.ఎన్. సదాలక్ష్మి బతుకు కథ. 1928లో సికింద్రాబాదు మాదిగ ఇంట్లో పుట్టి, ఎమ్మెల్యే అయి, 1960 నుంచి 62 దాకా అసెంబ్లీ డిప్యూటీ స్పీకరుగా కూచుని, దేవాదాయ శాఖ మంత్రి కూడా అయిన మనిషి. గుళ్ళోకి రానియ్యని కులం ఆడది గుళ్ళ మీద పెత్తనం చేసింది. 'మొట్టమొదటి దళిత మహిళా మంత్రి' అని ఒక బిరుదు తగిలించి ఊరుకోవటం తేలిక. చదవాల్సింది ఆమె దారి. చిన్నప్పుడు ఆమె చుట్టూ ఉన్నది అంబేద్కర్ పేరు మోగుతున్న హైదరాబాదు. షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ వాళ్ళు, నిజాంతో సర్దుకున్నవాళ్ళు, సర్దుకోనివాళ్ళు అందరూ ఉన్నారు. ఆమె పోయింది కాంగ్రెసులోకి. అక్కణ్ణుంచి 1969 తెలంగాణ ఉద్యమంలో ముందు వరసలోకి. చివరి రోజుల్లో మాదిగ దండోరాతో. 2004లో చనిపోయింది. మూడు జెండాలు. మన మామూలు కొలబద్ద పెడితే నిలకడ లేని మనిషి. కానీ ఆ పుస్తకంలో ఆమె మాట్లాడుతుంటే వినండి. వంటింటి నుంచి అసెంబ్లీ దాకా ఆమె అడిగేది ఒకటే: ఇక్కడ నిర్ణయం ఎవరిది, నేను ఏ వరసలో కూచున్నాను? కాంగ్రెసులో అగ్రకులం ముందు వరసలో ఉందని కనిపెట్టింది, ఆంధ్రప్రదేశులో తెలంగాణ వెనక వరసలో ఉందని కనిపెట్టింది, దళితుల్లో మాదిగ వెనక వరసలో ఉందని కనిపెట్టింది. జెండాలు మారాయి, అడిగే ప్రశ్న మారలేదు. అంబేద్కర్ 1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ, 1942లో షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ పెట్టి, 1956లో రిపబ్లికన్ పార్టీ తలపెట్టినప్పుడు దాన్ని మనం ఎదుగుదల అంటాం. సదాలక్ష్మికి అదే మాట ఇవ్వటానికి చెయ్యి రాదు. ఆడమనిషి రాజకీయం మీద 'ఎవరు నేర్పారు'కి తోడు 'ఏ మగవాడి వెనక' అన్న ప్రశ్న ఇంకోటి ఉంటుంది గనక.

శివసాగర్ అనే కె.జి. సత్యమూర్తి సంగతి దీనికి తిరగేసిన అద్దం. గుంటూరు ఎ.సి. కాలేజీ రోజుల్లో కమ్యూనిజంలోకి పోయి, 1970లో విరసం పెట్టినవాళ్ళలో ఒకడై, 1980లో కొండపల్లి సీతారామయ్యతో కలిసి పీపుల్స్‌వార్ పెట్టినవాడు, పార్టీలో కులం ప్రశ్న ఎత్తి ఆ దశాబ్దం చివరికల్లా బయటికి వచ్చాడు. ఆయన మేనకోడలు సుజాత గిడ్ల 2017లో ఇంగ్లీషులో రాసిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్'లో ఈ ప్రయాణం ఉంది. బయటనుంచి చైతన్యం తెచ్చిన పార్టీ, లోపలినుంచి ప్రశ్న వచ్చేసరికి దాన్ని చైతన్యం అనలేదు, చీలిక అంది. ఆయన తర్వాత పట్టుకున్న బహుజన రాజకీయం కూడా ఆయన్ని ఎక్కువ రోజులు ఉంచుకోలేదు. 2012లో చనిపోయేనాటికి ఆయన ఏ పార్టీ మనిషీ కాదు. నమ్మినది మటుకు వదల్లేదు. ఆ జీవితాన్ని విప్లవకారులు ఒక సగమూ, దళిత విమర్శకులు ఒక సగమూ పంచుకున్నారు. రెండు సగాలూ ఒకే తలలో ఎట్లా ఇమిడాయో అడగాల్సిన పని ఇంకా మిగిలే ఉంది.

చివరగా చుండూరు. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపిన కేసు. విచారణ ఊళ్ళోనే జరగాలని బాధితులు పట్టుబట్టారు. గుంటూరుకో తెనాలికో పొమ్మంటే సాక్షులకి దారిలో ఏమవుతుందో వాళ్ళకి తెలుసు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవమూ, 35 మందికి ఏడాది జైలూ పడింది. పదహారేళ్ళు ఆ ఆడవాళ్ళు చట్టాన్ని నమ్మారు. బెదిరింపులు వచ్చినా, రాజీకి డబ్బు ఆశ చూపినా నమ్మారు. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. చట్టాన్ని నమ్మటం అమాయకత్వమని మన విప్లవ మిత్రులు అప్పుడే తేల్చేశారు. రాజ్యాంగం మీద నమ్మకం పోకూడదని మన అంబేద్కరిస్టు మిత్రులు ప్రకటనలిచ్చారు. చుండూరు ఆడవాళ్ళు 1991లో ఏం నమ్మి కోర్టుకి కదిలారు, 2007లో తీర్పు విని ఏమనుకున్నారు, 2014 తర్వాత ఓటెవరికేశారు, ప్రార్థన ఏం చేశారు, పిల్లలకి ఏం చెప్పారు అని వాళ్ళ దగ్గర కూచుని, వాళ్ళ మాటల్లోనే రాసుకోవాల్సి ఉంది.